మూడు గంటల ధర

ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన పని ఒక్కటే. ధరలు పోల్చడం. రేవులో ఓడల నుంచి సరుకు దింపే ఒక కంపెనీలో కొనుగోళ్ళ విభాగం నాది. ఇనప తాళ్ళ దగ్గర నుంచి క్యాంటీన్ గిన్నెలు తోమే పీచు దాకా ఏది కొనాలన్నా ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకుని, పెద్ద కాగితం మీద గళ్ళు గీసి, ఎవరిది తక్కువో తేల్చాలి. నేను తేల్చిన దాని మీద ఆడిట్ వాళ్ళు ఒక్కసారి కూడా వేలు పెట్టలేకపోయారు. అయినా రిటైరైన రోజు నాకు కప్పిన శాలువా మీద కొట్టువాడి ధర చీటీ అలాగే ఉంది. దాన్ని పీకే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది. సరే, అది వేరే సంగతి.

ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న మీరంతా ఫోన్‌లో మూడు సరుకుల యాప్‌లు తెరిచి పాల ప్యాకెట్టు ఎందులో తక్కువో చిటికెలో చెప్పేస్తారు. ఆ పని నేను కూడా ఒకసారి చేశాను, ఆఫీసు ఉత్తర్వు మీద, పది రోజుల పాటు. అందులో తప్పు చేశాను. కూడికలో తప్పు లేదు. కూడికలో తప్పయితే ఇంత రాయను.

మా కంపెనీకి మల్కాపురం వైపు చిన్న కాలనీ ఉండేది. దాని మధ్యలో ఉద్యోగుల సహకార స్టోర్. ముందు ఒక గది, వెనక గోడౌను. వన్ టౌన్ హోల్‌సేల్ కొట్ల నుంచి బస్తాలు ఆటోలో తెచ్చి, కిలోలు అరకిలోలుగా పొట్లాలు కట్టి అమ్మేవారు. వారానికి రెండు రోజులు ఆనందపురం నుంచి కూరగాయలు వచ్చేవి. నడిపేది ఇద్దరు. ఒకాయన గుమస్తా, కంపెనీ పర్మనెంటు ఉద్యోగి, అక్కడే పుట్టి పెరిగిన మనిషి. రెండో ఆవిడ పొట్లాలు కట్టే మనిషి. యారాడ నుంచి కొండ దాటి బస్సులో వచ్చేది. భర్త సముద్రం మీద వేటకెళ్ళేవాడు. వేట పడిన రోజు పడుతుంది, లేని రోజు లేదు. ఆవిడ జీతం మాత్రం నెలకోసారి వచ్చి తీరేది. ఆ ఇల్లు దాని మీదే నిలబడిందని కాలనీలో అందరికీ తెలుసు. కానీ ఆవిడ కాంట్రాక్టు మనిషి. స్టోర్ ఉంటే ఆవిడకు పని ఉంది, లేకపోతే లేదు.

ఆ స్టోర్ గడప నేను పదకొండేళ్ళు తొక్కలేదు. కారణం చెబుతాను. ఒకసారి కందిపప్పులో పురుగు వచ్చిందని పొట్లం వెనక్కి పట్టుకెళ్ళాను. జీతాలు పడిన వారం, లైన్లో పాతిక మంది ఉన్నారు. గుమస్తా పొట్లం విప్పి, పప్పు చేటలో పోసి, అటూ ఇటూ ఊపి, అందరికీ వినపడేలా అన్నాడు.

"పురుగు పప్పులో నేదు బావా. నీ బుర్రలో ఉంది. అది నాను మార్సలేను."

లైనంతా నవ్వింది. ఆ పాతిక మందిలో ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. మా గోదావరి వైపు బావ అనాలంటే చుట్టరికం ఉండాలి. ఇక్కడ టీ కొట్టు దగ్గర నిలబడితే చాలు, బావలైపోతారు. నాకు ఆ మాట కంటే ఆ పిలుపు ఎక్కువ మండింది. ఫిర్యాదు రాసి ఇచ్చి, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నాను. జవాబు రాలేదు. ఆ రోజు నుంచి ఉప్పు కూడా గాజువాకలో కొన్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా కొటేషన్ల కవర్లు తెరవడానికి ఒక వేళ ఉంది, మధ్యాహ్నం మూడు గంటలు. అందరి ఎదుట, ఒకే వేళకు. చేరిన కొత్తలో ఒక ఆఫీసరు తొందరపెడితే ఒక కవరు పొద్దున పదకొండింటికి తెరిచాను. మెమో నాకు వచ్చింది. తొందరపెట్టిన ఆయనకు ప్రమోషన్ వచ్చింది. అప్పటి నుంచి మూడుకి ముందు నేను ఏ ధరా చూడలేదు, మూడు దాటాక ఏ ధరా తీసుకోలేదు. గడియారం చూసి నన్ను వెక్కిరించేవాళ్ళు. వెక్కిరించనీ అనుకున్నాను. మెమో వాళ్ళకు రాలేదుగా.

నేను రిటైరవడానికి ఏడాది ముందు కొత్త మేనేజరు వచ్చాడు. నాకన్నా చాలా చిన్నవాడు, మర్యాదస్తుడే. ఒక రోజు పిలిచి కుర్చీ చూపించాడు. పాత మేనేజర్లలో కుర్చీ చూపించిన వాళ్ళు ఇద్దరే.

"సార్, కాలనీలో అందరూ యాప్‌లలోనే సరుకులు తెప్పించుకుంటున్నారు. ఇంకా మనకు స్టోర్ ఎందుకు? మూడు యాప్‌ల ధరలు, స్టోర్ ధర పోల్చి ఒక స్టేట్‌మెంట్ ఇవ్వండి. మీరిస్తే ఎవరూ మాట్లాడరు."

"స్టోర్ ధర ఎక్కువని తేలితే?"

"మూసేద్దాం. ఆ గది ఏటీఎం పెట్టడానికి అడుగుతున్నారు."

'మీరిస్తే ఎవరూ మాట్లాడరు' అన్న మాట నన్ను పట్టుకుంది. ముప్పై ఏళ్ళుగా ఆ మాట ఎవరైనా అంటారేమోనని చూశాను. అన్నవాడికి నా పనేమిటో తెలియదు, వచ్చి మూడు నెలలు కాలేదు. అయినా పట్టుకుంది.

గుమస్తా మీద నా మనసులో ఏముందో నాకు తెలుసు. అందుకే, ఈ కాగితంలో ఒక్క గీత కూడా వంకరగా ఉండకూడదని గట్టిగా అనుకున్నాను. కసి ఉన్నవాడు మామూలు వాడి కంటే శుభ్రంగా పని చేయాలి. చేశాను కూడా. నా దురదృష్టం అదే.

పక్క సీట్లో బిల్లులు చూసే ఆవిడ నాకు యాప్‌లు నేర్పింది. ఇద్దరు పిల్లల తల్లి. సాయంత్రం బస్సు దిగేలోపు వంటకు కావలసినవి ఆర్డరు పెట్టేసేది. ఆవిడ ఫోను, నా ఫోను, ఆఫీసు ఫోను, మూడూ బల్ల మీద వరసగా పెట్టాం. బియ్యం, కందిపప్పు, నూనె, చింతపండు, పెరుగు, టమాటాలు, ఇలా కాలనీ ఇళ్ళలో ఎక్కువగా వాడే పద్నాలుగు సరుకుల జాబితా రాసుకున్నాను.

యాప్‌ల ధరలు చదవడం ఓడ రసీదులు చదవడం లాంటిదే. పైన కనిపించేది ధర కాదు. ఒకదానిలో నూనె ప్యాకెట్టులో ఉండేది లీటరు కంటే కాస్త తక్కువ. ఒకదానిలో టమాటాలు కిలో అనిపించేలా ఉంటాయి, చూస్తే కిలో కాదు. ఒకదానిలో పాత ధర కొట్టేసి కొత్త ధర వేస్తారు, ఆ పాత ధరకు ఎవరూ ఎప్పుడూ కొని ఉండరు. కింద సంచి ఖర్చు, సర్దే ఖర్చు, తెచ్చే ఖర్చు. అన్నీ విప్పి, కిలోకీ లీటరుకీ సమానం చేసి, గుమ్మంలో పడేసరికి ఎంతవుతుందో తేల్చాను. పక్క సీటావిడ ముక్కు మీద వేలేసుకుంది.

"ఇన్నేళ్ళూ ఇవన్నీ చూడకుండానే కొంటున్నానండీ నేను," అంది. తర్వాత కొంచెం ఆగి అడిగింది. "కానీ మూడింటికేనా చూడటం? ఆ టైములో నేనెప్పుడూ ఆర్డరు పెట్టలేదు."

"వేళ ఒకటే ఉండాలి కదమ్మా. లేకపోతే పోలిక ఎలా అవుతుంది?"

"అది నిజమే గానీ..."

గానీ తర్వాత ఏం చెప్పబోయిందో నేను అడగలేదు.

స్టోర్ ధరల కోసం నేను వెళ్ళలేదు. కాగితం పంపితే గుమస్తా నింపి పంపాడు. పద్నాలుగు సరుకులకూ ధరలు వేసి, చివర పదిహేనో గడి తనే గీసి అందులో 'పురుగులు ఉచితం' అని రాశాడు. దాన్ని అలాగే ఫైలుకు జతచేశాను.

పది పని దినాలు, రోజూ మూడు గంటలకు చూశాను. పదో రోజు తేలిందేమిటంటే, ఒక యాప్ స్టోర్ కంటే తక్కువ. నెల సరుకుల మీద చిన్న కొబ్బరినూనె సీసా ఖరీదంత తేడా. మిగతా రెండూ స్టోర్ కంటే ఎక్కువే. కానీ ఒకటి తక్కువైతే చాలు. మా లెక్కలో అందరికంటే తక్కువ ఉన్నవాడిదే ఆర్డరు. కూడిక మూడుసార్లు సరిచూశాను. మూడోసారి అవసరం లేదు. అది సంతోషానికి.

క్యాంటీన్ హాల్లో మీటింగ్ పెట్టారు. స్టోర్ కమిటీ వాళ్ళు ఏడుగురు, మేనేజరు, కాలనీ వాళ్ళు కొందరు. గుమస్తాను పిలిచారు. యారాడ ఆవిడను ఎవరూ పిలవలేదు. ఆవిడే వచ్చి తలుపు దగ్గర నిలబడింది. నేను స్టేట్‌మెంట్ చదివాను. ఏ చార్జీ ఎక్కడ దాక్కుందో, దాన్ని ఎలా బయటకు లాగానో చెబుతుంటే అందరూ శ్రద్ధగా విన్నారు. నా మాట అంత శ్రద్ధగా అంతమంది వినడం అదే మొదలు.

గుమస్తా లేచాడు.

"బావా, ఒక్క మాట. పది రోజులూ మూడింటికే సూసావంట, నిజవేనా?"

"అవునండీ. మన నిబంధన అదే కదండీ."

"మూడింటికి నా కొట్టే తియ్యను బావా. అన్నం తిని తొంగుంటాను. ఆ యేళకి నువ్వెవుల్తో పోటీ ఎట్టినావు?"

కొందరు నవ్వారు. తలుపు దగ్గర నుంచి ఆవిడ అంది.

"నానొకటి అడుగుతాను, ఏటనుకోకండి బాబూ. మూడింటికి ఏ ఇంట్లో పొయ్యి ఎలుగుద్ది? సరుకు కావాల్సింది పొద్దుట, మల్ల సందేళ. ఆ యేళల్లో ఎంత ఉందో సూసారేటి?"

ఈసారి హాలంతా నవ్వింది. వాళ్ళు నవ్వింది ఆవిడ అన్న తీరుకు. నాకు వినిపించింది మాత్రం పదకొండేళ్ళ కిందటి లైను. ఆవిడ అడిగింది చాలా మంచి ప్రశ్న. ఏ ఆడిట్ ఆఫీసరూ నన్ను అంత మంచి ప్రశ్న అడగలేదు. అక్కడే ఆగి, 'చూడలేదమ్మా, రెండు రోజులు టైమివ్వండి, చూసి చెబుతాను' అంటే సరిపోయేది. నేను ఏమన్నానంటే:

"ధర పోల్చేటప్పుడు వేళ ఒకటే ఉండాలి. ఎవరి వంట వేళకు వాళ్ళు చూసుకుంటే దాన్ని పోలిక అనరు, కాకిలెక్క అంటారు."

మేనేజరు 'పద్ధతి కరెక్టుగానే ఉంది' అని సంతకం పెట్టాడు. స్టోర్ నెలాఖరుకు మూసేయాలని రాసుకున్నారు.

బయటకు వస్తుంటే గుమస్తా నా పక్కన నడిచాడు.

"గోదారోల్ల అండీలో ముల్లుంటాదని మా అయ్య సెప్పీవోడు. కందిపప్పు కసి తీరిందేటి బావా?"

"నాకెవరి మీదా కసి లేదండీ."

అతను నా మొహం కేసి చూసి, స్టోర్ వైపు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం బస్టాపులో సన్నగా వాన. పక్క సీటావిడ గొడుగు కింద నిలబడి ఫోన్‌లో ఆర్డరు పెడుతోంది. నన్ను చూసి ఏదో చెప్పాలా వద్దా అన్నట్టు చూసింది. నేనే అడిగాను.

"పొద్దున్నే చెప్పాల్సింది," అంటూ ఫోను నా ముందు పెట్టింది. నేను గెలిపించిన యాప్‌లో వాన చార్జీ అని ఒకటి, రద్దీ చార్జీ అని ఇంకొకటి ఉన్నాయి. మధ్యాహ్నం సున్నా ఉన్న తెచ్చే ఖర్చు ఇప్పుడు సున్నా కాదు. టమాటాల ధర కూడా మధ్యాహ్నం చూసింది కాదు. నా పద్నాలుగు సరుకులూ అక్కడే నిలబడి మూడు యాప్‌లలోనూ వేయించాను. రెండు బస్సులు వెళ్ళిపోయాయి. నేను తక్కువని తేల్చినదే అన్నిటికంటే ఎక్కువ. స్టోర్ ధర మూడు యాప్‌ల కంటే తక్కువ.

"వాన వల్లేమో," అన్నాను.

"వాన లేకపోయినా ఏడింటికి ఇంతేనండీ. పొద్దున్న పిల్లల క్యారేజీల టైముకి చూడండి."

మర్నాడు పొద్దున ఆరున్నరకు ఇంట్లో చూశాను. వాన లేదు. ఫలితం అదే. ఏ ఇంట్లోనూ ఎవరికీ ఏమీ అక్కర్లేని వేళ చూసి, పది రోజులు, నేను ధర రాశాను. కవర్లలో ఉన్న ధర పొద్దున తెరిచినా మూడింటికి తెరిచినా మారదు. ఈ ధరకు కవరు లేదు. అది నాకు తట్టలేదు, ముప్పై ఏళ్ళు కవర్లు తెరిచిన వాడికి తట్టదు.

ఇంతవరకూ నా తప్పు తెలియనితనం. దానికి నేను మరీ సిగ్గుపడను. తర్వాత చేసినది వేరు.

ఆఫీసుకు వెళ్ళగానే సవరణ నోట్ రాశాను. నాలుగు వరసలు. పొద్దున, సాయంత్రం వేళల్లో స్టోర్ ధరే తక్కువగా ఉన్నందున నా స్టేట్‌మెంట్ ఉపసంహరించుకుంటున్నాను, అని. సంతకం పెట్టాను, తేదీ వేశాను. సొరుగులో పెట్టాను.

ఎందుకు పెట్టానో దాచను. ఆ నాలుగు వరసలు గుమస్తా చదువుతాడు. చదివి, జీతాల వారంలో, లైన్లో పాతిక మంది ఉండగా, ఏదో అంటాడు. ఏమంటాడో కూడా నేనే ఊహించుకుని, దానికి జవాబు కూడా తయారు చేసుకున్నాను. ఆ రోజంతా ఆ జవాబు దిద్దుకుంటూ గడిపాను. మర్నాడు కూడా. నోట్ సొరుగులోనే ఉంది. మూడో రోజు పొద్దున పక్క సీటావిడ ఫైళ్ళ మీద నుంచి తలెత్తకుండా అడిగింది.

"ఇచ్చారా?"

లేచి వెళ్ళి ఇచ్చాను.

మేనేజరు చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నిన్న సాయంత్రం హెడ్డాఫీసుకు పంపేశాను సార్. ఏటీఎం వాళ్ళు వచ్చి గది కొలుచుకుని వెళ్ళారు. నిన్న మధ్యాహ్నం ఇచ్చి ఉంటే ఆపేవాణ్ణి."

"వెనక్కి తెప్పించండి."

"ఎందుకని అడుగుతారు. దాని మీద మీ సంతకం ఉంది, నా సంతకం ఉంది. మీకు రిటైర్మెంటు దగ్గర పడింది. వదిలేయండి సార్."

నేను వదిలే మనిషిని కాదని ఇక్కడిదాకా చదివిన మీకు తెలిసే ఉంటుంది. నోట్‌కు ఇన్‌వర్డ్ నంబరు వేయించాను. హెడ్డాఫీసుకు ఒక కాపీ పంపాను. మూడు రిమైండర్లు రాశాను. నా ఉద్యోగంలో ఎంతోమంది మీద ఫిర్యాదులు చేశాను. నా మీద నేను చేసింది అదొక్కటే. దానికీ జవాబు రాలేదు.

నెలాఖరు రోజు స్టోర్‌కు వెళ్ళాను. మిగిలిన సరుకు కాలనీ వాళ్ళు తీసుకుపోతున్నారు. అలమరలు సగం ఖాళీ. గుమస్తాను మెయిన్ గేటు దగ్గర లారీల రిజిస్టరు రాయడానికి వేశారు. పర్మనెంటు మనిషి కాబట్టి ఎక్కడో ఒకచోట వేయాలి. ఆవిడను ఎక్కడా వేయనక్కర్లేదు. ఆవిడ నేల మీద కూర్చుని ఖాళీ గోనెసంచులు మడత పెడుతోంది.

గుమస్తా నన్ను చూసి, చేతిలో తూకం ఆపాడు.

"ఏటి బావా, దారి తప్పినావా?"

నోట్ కాపీ ఇచ్చాను. నిలబడి రెండుసార్లు చదివాడు.

"దీన్ని రెండ్రోజులు ఎక్కడెట్టినావు? రాసింది ఒక తేదీ, ముద్ర పడింది ఇంకో తేదీ."

గుమస్తాగా ముప్పై ఏళ్ళు చేసిన మనిషి. ముందు చూసేది తేదీలే.

"నువ్వు నవ్వుతావని," అన్నాను. ఆ ఒక్కసారే అతన్ని నువ్వు అన్నాను.

"నవ్వీవోడినే బావా, అబద్ధమెందుకు. నవ్వి, మర్నాడు కొట్టు తీసీవోడిని."

కాగితం ఆవిడ వైపు చాపాడు. ఆవిడ అందుకోలేదు.

"అదేటి?"

"ఆ రోజు నువ్వు అడిగిందే రైటని రాసినాడు. ఆలీసంగా రాసినాడు."

"ఆలస్యంగా రాయలేదమ్మా," అన్నాను. "రాసింది వెంటనే. ఇవ్వడం ఆలస్యమైంది. నాకు మాట పడటం చేతకాదు."

ఆవిడ సంచి మడత పూర్తిచేసి కట్ట మీద పెట్టింది. నా మీద కోపం లేదు ఆ మొహంలో. కోపం ఉంటే నాకు తేలికయ్యేది. కోపాలతో ఎలా బతకాలో నాకు బాగా తెలుసు.

"గాజువాకలో ఆ యాప్‌వోల్ల గోడౌన్లో ఆడోల్లని ఎట్టుకుంతన్నారంట," అంది. "నించునే పొట్లాలు కట్టాలంట, కూకోనివ్వరంట. ఏదైనా తేడా వత్తే పిల్లలంత వోల్లు తిడతారంట. రేపు ఎల్తన్నాను. మాట పడకపోతే మాకు పూట గడవదు బాబూ."

తర్వాత గుమస్తా వైపు తిరిగి, బస్సు వేళయింది, గోడౌను తాళం ఎవరికివ్వాలని అడిగింది. అతను చెయ్యి చాపితే తాళం అతని చేతిలో పెట్టి, చీర కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.